ప్రమోషన్ రోజుల మీద బతకొచ్చా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. నాకు 36 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమెరికా వచ్చి తొమ్మిదేళ్లయింది, మూడేళ్లుగా లాస్ వేగాస్ పక్కన హెండర్సన్‌లో ఉంటున్నాం. హెచ్1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఏడాదిలో రెండుసార్లు మా కంపెనీలో లేఆఫ్‌లు అయ్యాయి. ఆ టెన్షన్‌లో ఉండగానే వీడియో పోకర్ నేర్చుకున్నాను. గుడ్డిగా ఆడట్లేదు. ఏ ముక్కలు ఉంచుకోవాలో, ఏవి వదిలెయ్యాలో కంప్యూటర్‌లో నెలల తరబడి ప్రాక్టీసు చేశాను. 9/6 జాక్స్ ఆర్ బెటర్ మీదే, క్వార్టర్ (పావు డాలర్) మెషీన్ల మీదే, అదీ పాయింట్లు అయిదు రెట్లు ఇచ్చే రోజు మాత్రమే ఆడతాను. మామూలు రోజు వంద డాలర్ల ఆటకు పది సెంట్లు వెనక్కి ఇస్తే, ఆ రోజు యాభై సెంట్లు ఇస్తారు. వారానికి ఒక రోజు, ఆరేడు గంటలు. ఆరు నెలల్లో అయిదు రాయల్ ఫ్లష్‌లు (ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద గెలుపు) పడ్డాయి, 2,600 డాలర్లు మిగిలాయి. డాలర్ మెషీన్లకు మారితే నాలుగింతలు, వారానికి నాలుగు రోజులు నాలుగు కాసినోలు తిరిగితే మళ్ళీ నాలుగింతలు. అంటే ఏడాదికి 83,000. ఉద్యోగం మానేసి ఇదే వృత్తి చేసుకుందామని ఉంది. ప్రొఫెషనల్స్ ఇలాగే బతుకుతున్నారట. నా భార్య పేరు మీద ఇంకో ప్లేయర్స్ క్లబ్ కార్డు (కాసినో సభ్యత్వ కార్డు) తీసుకుని అది కూడా నేనే ఆడితే ఫ్రీ ప్లే (కాసినో ఉచితంగా ఇచ్చే ఆట డబ్బు) రెండింతలు వస్తుంది కదా? ఆవిడకు ఈ డబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. పోయిన నెల ప్రమోషన్ లేని రోజు కూడా రెండుసార్లు వెళ్ళాను, అది వేరే సంగతి. మీరు కాసినోలో పనిచేశారని తెలిసి రాస్తున్నాను. — హెండర్సన్ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, "అది వేరే సంగతి" అని మీరు తేల్చేసిన మాట దగ్గరికి చివర్లో వస్తాను. ముందు లెక్కలు చూద్దాం. మీరు లెక్క తెలిసిన మనిషి, లెక్క చూపించకుండా ఎవరేం చెప్పినా మీకు ఎక్కదు.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. వీడియో పోకర్ మెషీన్ అయిదు ముక్కలు వేస్తుంది. కావలసినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకోవచ్చు. జాకీల జత, అంతకన్నా పెద్దది ఏది వచ్చినా డబ్బులు. స్లాట్ మెషీన్ లోపల ఏ లెక్క నడుస్తోందో బయటివాళ్ళకు తెలియదు. ఇది అలా కాదు. 52 ముక్కల్లో ప్రతి ముక్కకూ సమానమైన అవకాశం ఉండాలని నెవాడా నిబంధన. ఏ హ్యాండ్‌కు, అంటే ఏ అయిదు ముక్కల కూర్పుకు, ఎంత ఇస్తారో తెరమీదే రాసి ఉంటుంది కాబట్టి, మెషీన్ ఎంత తిరిగిస్తుందో ఎవరైనా లెక్క కట్టుకోవచ్చు. తమ్ముడు రాసిన 9/6 అంటే ఫుల్ హౌస్‌కు (ఒకే రకం మూడు, ఇంకో జత) 9 రెట్లు, ఫ్లష్‌కు (అయిదూ ఒకే గుర్తు ముక్కలు) 6 రెట్లు ఇచ్చే మెషీన్. తప్పు లేకుండా ఆడితే నూటికి 99.54 తిరిగొస్తుంది. పక్కనే అచ్చం అలాగే కనిపించే 8/5 మెషీన్ 97.30 మాత్రమే ఇస్తుంది. కంటికి రెండంకెల తేడా, జేబుకు దాదాపు ఆరింతల నష్టం.

ఇక మీ లెక్క. గంటకు 650 హ్యాండ్లు అనుకుంటే ఆరు నెలల్లో మీరు ఆడింది దాదాపు లక్షా పదివేల హ్యాండ్లు. హ్యాండ్‌కు అయిదు క్వార్టర్లు, అంటే డాలరుంపావు చొప్పున మెషీన్‌లో తిరిగిన డబ్బు 1,37,500 డాలర్లు. అందులో మెషీన్ తినవలసింది 0.46 శాతం, అంటే సుమారు 632 డాలర్లు. అయిదు రెట్ల పాయింట్లు మీకు తిరిగి ఇచ్చింది 687 డాలర్లు. తేడా 55.

ఆరు నెలలకు 55 డాలర్లు తమ్ముడూ. గంటకు 33 సెంట్లు. మీ నైపుణ్యమూ, మీ ప్రమోషనూ కలిసి సంపాదించింది అంతే.

మరి 2,600 ఎక్కణ్ణుంచి వచ్చింది? రాయల్ ఫ్లష్ సగటున నలభై వేల హ్యాండ్లకు ఒకసారి పడుతుంది. లక్షా పదివేలకు మీకు పడాల్సినవి రెండు, మహా అయితే మూడు. పడ్డవి అయిదు. క్వార్టర్ మెషీన్ మీద ఒక్కో రాయల్‌కు వెయ్యి డాలర్లు. ఆ అదనపు రెండుంపావు రాయల్స్ విలువే దాదాపు 2,300. మిగిలిన మూడొందలు ఇంటికొచ్చిన ఫ్రీ ప్లే కూపన్లూ, ఇంకొంచెం అదృష్టమూ. మీరు పదహారుతో హెచ్చవేసింది మీ సంపాదనను కాదు, ఆ రెండు రాయల్స్‌ను. రాబోయే ఆరు నెలల్లో అవి పడకపోతే పదహారుతో హెచ్చవెయ్యాల్సింది నష్టాన్ని. నలభై వేల హ్యాండ్లు ఆడినా ఒక్క రాయల్ కూడా రాని అవకాశం నూటికి 37. లక్షా ఇరవై వేలు ఆడినా రాని అవకాశం నూటికి అయిదు. అంటే ఇంకొకరు మీలాగే ప్రాక్టీసు చేసి, మీ మెషీన్ మీదే, అదే ప్రమోషన్ రోజు ఆరు నెలలు ఆడి, ఒక్క రాయల్ కూడా చూడకుండా మూడువేల దాకా పోగొట్టుకుని ఉండొచ్చు. అతను నాకు ఉత్తరం రాయడు. గెలిచినవాళ్ళ కబుర్లే మనకు వినిపిస్తాయి.

ఆట తప్పుల గురించి కూడా ఒక మాట. ఆరో గంటలో మీకిలా వచ్చిందనుకోండి: ఆఠీన్ మూడు, ఆరు, తొమ్మిది, రాజు, వాటితో పాటు కళావరు ఆరు. ఆరుల జత కనిపిస్తోంది, చెయ్యి దానిమీదికే పోతుంది. ఉంచుకోవాల్సింది నాలుగు ఆఠీన్లు. అవే ఆరుల బదులు జాకీలైతే మాత్రం జతే ఉంచుకోవాలి. ఇదంతా మీకు తెలుసు. తెలిసినా కళ్ళు మండుతున్నప్పుడు, పక్క మెషీన్‌లో ఎవరికో జాక్‌పాట్ పాట మోగుతున్నప్పుడు చెయ్యి ఒక్కసారి తప్పుతుంది. ఆ ఒక్క తప్పు ఖరీదు దాదాపు అర డాలర్. మీ గంటన్నర సంపాదన.

అయితే ప్రొఫెషనల్స్ లేరా? ఉన్నారు, నేను దగ్గరి నుంచి చూశాను. 2004 నుంచి పదకొండేళ్లు వేగాస్‌లో స్థానికులు ఎక్కువగా వచ్చే ఒక కాసినోలో పనిచేశాను. మొదట ప్లేయర్స్ క్లబ్ కౌంటర్‌లో కార్డులు ఇచ్చేదాన్ని, తర్వాత ప్రమోషన్ల విభాగంలోకి మార్చారు. మీరు ఎదురుచూసే ఆ పోస్టు కార్డులు ఎవరికి వెళ్ళాలి, ఎంత ఫ్రీ ప్లేతో వెళ్ళాలి అనే జాబితాలు తయారయ్యే గది అది.

అంతకు ముందు తరం ప్రొఫెషనల్స్‌కు మెషీన్లే అన్నం పెట్టాయి. 1990లలో వేగాస్ స్థానికుల కాసినోల్లో ఫుల్ పే డ్యూసెస్ వైల్డ్ అనే ఆట విరివిగా ఉండేది. మన రమ్మీ భాషలో చెప్పాలంటే రెండ్లన్నీ జోకర్లు. సరిగ్గా ఆడితే నూటికి 100.76 తిరిగిచ్చేది. ప్రమోషన్ ఏదీ లేకుండానే ఆటగాడిదే పైచెయ్యి. చాలామంది తప్పులతో ఆడతారు కాబట్టి కాసినోకూ నష్టం ఉండేది కాదు. సరిగ్గా ఆడేవాళ్ళు పెరిగేకొద్దీ ఆ మెషీన్లు తగ్గాయి, ఇప్పుడు వెతుక్కోవాలి. అలా మెషీన్ నూటికి నూరు దాటని కాలంలో ఆ లోటును పూడ్చేది ప్రమోషన్ ఒక్కటే అయింది. మీరు చదివిందీ విన్నదీ అదే, అందులో అబద్ధం లేదు.

కానీ వాళ్ళు ఆడే తీరు వేరు. అయిదు రెట్ల పాయింట్లు చూసి పరిగెత్తరు. ఒకే రోజు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు: పాయింట్ల రెట్టింపు, ఇంటికొచ్చిన ఫ్రీ ప్లే, ఆ వారం గిఫ్టు, సాయంత్రం డ్రాయింగు (లక్కీ డ్రా), నాలుగు ఒకేరకం ముక్కలు పడితే ఇచ్చే స్క్రాచ్ కార్డు. ఒక్కోదాని విలువ విడిగా కడతారు. డ్రాయింగునే తీసుకోండి. బహుమతులు మొత్తం పదివేల డాలర్లు, డ్రమ్ములో నలభై వేల టికెట్లు, మీవి రెండొందలు. మీ వాటా విలువ యాభై డాలర్లు. పేరు పిలిచినప్పుడు అక్కడ లేకపోతే అదీ పోయినట్టే. ఆ యాభై కోసం రాత్రి తొమ్మిదిదాకా కూర్చోవాలా, కూర్చున్న మూడు గంటలూ ఖాళీగా ఉండగలరా, లేక ఊరికే ఉండలేక పక్కనున్న 8/5 మెషీన్ మీద వంద పోగొడతారా? అసలైన ప్రొఫెషనల్స్ టికెట్లు వేసి, ఇంటికెళ్ళి అన్నం తిని, పేర్లు పిలిచే వేళకు తిరిగొచ్చేవాళ్ళు. పిలవగానే మళ్ళీ వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్క నాణెం కూడా అదనంగా ఆడేవాళ్ళు కాదు.

వాళ్ళందరూ అన్నిటికన్నా ఇష్టపడింది కొత్త సభ్యులకిచ్చే నష్టపరిహారం ఆఫర్. కార్డు తీసుకున్న మొదటి రోజు పోగొట్టుకున్నది, ఒక పరిమితి దాకా ఫ్రీ ప్లేగా తిరిగిస్తారు. గెలిస్తే మీది, ఓడితే చాలావరకు వెనక్కి. లెక్క ప్రకారం ఇంతకన్నా మంచిది దాదాపు ఉండదు. కానీ మనిషికి ఒక్కసారే. వేగాస్ చుట్టుపక్కల ఉన్న కాసినోలన్నీ తిరిగినా కొన్ని వారాల్లో అయిపోతుంది. దానిమీద జీవితం నడవదు.

ఇప్పుడు కౌంటర్ ఇవతలి వైపు ఏం కనిపిస్తుందో చెప్తాను. ఉద్యోగం మానేముందు మీరు తెలుసుకోవాల్సింది ఇదే. మీరు కార్డు పెట్టి ఆడిన ప్రతి హ్యాండూ లెక్కలోకి వస్తుంది. మా తెరమీద మీ పేరు ఎదురుగా కొన్ని అంకెలుండేవి: మొత్తం ఎంత ఆడారు, ఆ ఆటకు మీరు లెక్కప్రకారం ఎంత పోగొట్టుకోవాలి, నిజంగా ఎంత పోగొట్టుకున్నారు, ఎంత ఫ్రీ ప్లే వాడుకున్నారు, ఏయే రోజుల్లో వచ్చారు. గెలిచారా ఓడారా అన్నది మాకు పెద్ద విషయం కాదు. లక్ష గెలిచిన మనిషికి కూడా సంతోషంగా గది ఇచ్చేవాళ్ళం, మళ్ళీ వస్తాడు కాబట్టి. మేము చూసేది రెండో అంకె, నాలుగో అంకె. మీరు పోగొట్టుకోవాల్సిన దానికన్నా మేమిచ్చే ఫ్రీ ప్లే ఎక్కువైతే, పైగా మీ రాకపోకలన్నీ ప్రమోషన్ రోజులే అయితే, ఆ వరుస రంగు మారేది.

ఒక పెద్దాయన ఉండేవారు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న నోట్‌బుక్ చొక్కా జేబులో ఉండేది. మంగళ, శుక్రవారాలు వచ్చేవారు, అరగంటకోసారి లేచి మంచినీళ్ళు తాగి, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని మళ్ళీ కూర్చునేవారు. నాతో ఎప్పుడూ మర్యాదగా మాట్లాడేవారు, మనవరాలి ఫొటో చూపించేవారు. ఒక నెల మాకు జాబితా వచ్చింది, ఈ పేర్లకు ఇకమీదట ఆఫర్లు పంపొద్దని. అందులో ఆయన పేరుంది. ఆ పేరు ఎదురుగా కోడ్ కొట్టింది నేనే. రెండు వారాల తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చి, "అమ్మా, నా కార్డు పోస్టులో ఎక్కడో తప్పిపోయినట్టుంది, ఒకసారి చూస్తావా" అని అడిగారు. చూసినట్టు నటించాను. మార్కెటింగ్ నిర్ణయం అని మాత్రం చెప్పాలి, కారణం చెప్పకూడదు. ఆయనకు వెంటనే అర్థమైంది. నోట్‌బుక్ తీసి చివరి పేజీ చూసుకున్నారు, థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. ఆయనకు పెన్షన్ ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది, అందుకే మీకింత వివరంగా రాస్తున్నాను.

ఆయన చేసిన తప్పేమీ లేదు. మోసం లేదు, దొంగతనం లేదు. ఇచ్చింది తీసుకున్నారు, అంతే. ఇవ్వడం మానేసే హక్కు వాళ్ళకుంది, అంతే. ప్రతి ప్రమోషన్ కాగితం కింద, "దీన్ని ఎప్పుడైనా మార్చే, రద్దుచేసే హక్కు యాజమాన్యానిదే" అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. దానికి ముందు ఇంకో వాక్యం ఉండేది: ఈ రెట్టింపు పాయింట్లు ఫలానా వీడియో పోకర్ మెషీన్లకు వర్తించవు. మొదట 9/6 డాలర్ మెషీన్లను తీసేసేవాళ్ళం, తర్వాత క్వార్టర్లను. అదీ చాలకపోతే వీడియో పోకర్ మీద పాయింటు రావాలంటే రెండింతలు ఆడాలనేవాళ్ళం. చివరికి ఒక రాత్రి టెక్నీషియన్ వచ్చి ఆ 9ని 8 చేసేవాడు. మెషీన్ అదే, కుర్చీ అదే. డాలర్లకు మారి వారానికి నాలుగు రోజులు ఆడితే మీరు ఇప్పటికన్నా పదహారు రెట్లు తొందరగా ఆ తెరమీద కనబడతారు. ఇప్పుడు మీ జోలికి ఎవరూ రానిది మీరు చిన్నవారు కాబట్టే.

సరే, అన్నీ కలిసొచ్చాయనుకుందాం. గిఫ్టులు, ఫ్రీ ప్లే, డ్రాయింగులు అన్నీ కలిపి నూటికి అర డాలర్ పైచెయ్యి సంపాదించారు. అది చాలా మంచి స్థితి. డాలర్ మెషీన్ మీద ఏడాదికి వెయ్యి గంటలు ఆడారు. మెషీన్‌లో తిరిగేది ముప్పై రెండున్నర లక్షల డాలర్లు. మీ రాబడి సగటున 16,250. మీరు వేసుకున్న 83,000 కాదు. ఆ సగటుకు అటూ ఇటూ ఊగే ఊపు దాదాపు 17,800. రాబడికన్నా ఊపే పెద్దది. అంటే ఒక్క తప్పు కూడా చెయ్యకుండా ఆడినా అయిదారేళ్లకు ఒక ఏడాది నష్టంతో ముగుస్తుంది. ఈ మాత్రం ఆటకు దివాళా తీసే అవకాశం నూటికి అయిదు లోపల ఉండాలంటే, ఇంటి ఖర్చులతో సంబంధం లేకుండా దాదాపు 30,000 డాలర్లు విడిగా ఉండాలి. మీరు అందులోంచే అద్దె, పాలు, కారు వాయిదా తీస్తారు. ఈ లెక్కలో హెల్త్ ఇన్సూరెన్సు కూడా లేదు.

పన్ను సంగతి ప్రొఫెషనల్స్‌నే భయపెడుతోంది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 నుంచి జూదం నష్టాల్లో నూటికి 90 వంతులే గెలుపుల్లోంచి మినహాయించుకోవాలి. వృత్తిగా ఆడేవాళ్ళకూ ఇదే. మీరు గెలిచిన రోజులన్నీ కలిపి 1,25,000, ఓడిన రోజులన్నీ కలిపి 1,10,000 అనుకోండి. చేతికి మిగిలింది 15,000. మినహాయింపు మాత్రం 99,000కే. పన్ను 26,000 మీద కట్టాలి. చేతికి రాని 11,000 మీద కూడా పన్ను. గెలుపు పెద్దదై ఆట తక్కువగా ఉన్నవాళ్ళకు ఇది చిన్న దెబ్బే. నూటికి అర డాలర్ కోసం లక్షలు తిప్పేవాళ్ళకు మాత్రం ఇది నడుం విరిచే దెబ్బ. ఆదాయం వృత్తిగా చూపిస్తే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను దానిమీద అదనం. మీరిప్పుడు క్వార్టర్ల మీద ఉన్నారు కాబట్టి వెయ్యి డాలర్ల రాయల్‌కు మెషీన్ ఆగదు. డాలర్ రాయల్ అంటే 4,000. మెషీన్ లాక్ అయి, మనిషి వచ్చి, మీ పేరు మీద ఫారం రాసి మరీ ఇస్తాడు.

వీసా గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు, నాకు ఆశ్చర్యమేసింది. హెచ్1బీ మిమ్మల్ని తెచ్చుకున్న కంపెనీలో పని చెయ్యడానికే. ఉద్యోగం మానేసిన రోజు నుంచి మీకుండేది మహా అయితే 60 రోజులు. ఈలోగా ఇంకో స్పాన్సరో, ఇంకో స్టేటసో దొరకాలి. "నా వృత్తి వీడియో పోకర్" అని పన్ను కాగితంలో రాసుకోవడమంటే సొంతంగా పని చేస్తున్నట్టు ఒప్పుకోవడం. ఆ వాక్యం రాసేముందు ఇమిగ్రేషన్ లాయరు దగ్గర కూర్చోండి. ఒక్క గంట ఫీజు మీ ఆరు నెలల 55 డాలర్లకన్నా ఎక్కువే అవుతుంది, అయినా సరే. ఈ సందర్భంలోనే ఇంకో మాట: వేసవిలో అమ్మానాన్నలు వస్తే సరదాకి వాళ్ళ పేర్ల మీద కార్డులు తీసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకు జాక్‌పాట్ పడితే 30 శాతం అక్కడికక్కడే కోస్తారు. ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందంలో దీనికి మినహాయింపు లేదు, వాళ్ళు నష్టాలు చూపించుకోవడానికీ లేదు.

భార్య కార్డు మీద మీరు ఆడొచ్చా అన్నదానికి జవాబు, వద్దు. కార్డు ఎవరిదో వాళ్ళే ఆడాలన్నది ప్రతి క్లబ్ నియమాల్లోనూ ఉంటుంది. ఒకే చెయ్యి రెండు కార్డులు ఆడటం కెమెరాలో కనిపెట్టడం చాలా తేలిక, మా గదిలో వారానికి ఒకటైనా పట్టుబడేది. పాయింట్లు రద్దుచేస్తారు, ఇద్దరినీ ప్రమోషన్ల నుంచి తీసేస్తారు, మళ్ళీ లోపలికి రావద్దని కాగితం చేతిలో పెట్టొచ్చు. ఆ కాగితం తర్వాత లోపల అడుగుపెడితే ట్రెస్‌పాస్ కేసు. హెచ్1బీ మీద ఉన్న మనిషికి ఇది అవసరమా? పైగా ఆవిడకు చెప్పకుండా, ఆవిడ పేరు మీద. ఈ ఆలోచన మీకు వచ్చిన చోటే ఒకసారి ఆగండి తమ్ముడూ.

నేను ఆట మానెయ్యమని చెప్పట్లేదు. మీలా 9/6 వెతుక్కుని, వ్యూహం నేర్చుకుని, క్వార్టర్లతో ఆడేవాళ్ళకు వేగాస్‌లో ఇది చాలా చవకైన కాలక్షేపం. నెలకు రెండు ప్రమోషన్ రోజులు, విడిగా ఒక అకౌంటు, అందులో మీరిద్దరూ ఒప్పుకున్న మొత్తం, అది ఖాళీ అయితే ఆ ఏడాదికి అంతే. పాయింట్లతో వచ్చిన బఫేకు ఇద్దరూ కలిసి వెళ్ళండి. డాలర్ మెషీన్ వైపు చూడకండి. ఇక్కడ ఇంకో హెచ్చరిక, ఊళ్ళో ఉన్న తమ్ముళ్ళకు: మీ ఫోన్లో కనిపించే వీడియో పోకర్ యాప్‌కు నేను చెప్పిన నెవాడా నిబంధనలు లేవు, లెక్కలూ వర్తించవు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. దాని జోలికి పోకండి.

లేఆఫ్ భయం నిజమైనదే. దానికి మందు కాసినోలో లేదు. ఆ ఆరేడు గంటల్లో సగం రెజ్యూమేకి, ఇంటర్వ్యూ ప్రాక్టీసుకి పెట్టండి. ఏ ముక్క ఉంచుకోవాలో నెలల తరబడి కూర్చుని కంఠతా పట్టగలిగిన మనిషికి అదేమంత కష్టం కాదు. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండేట్టు చూసుకోండి. ఆ 2,600 అందులో మొదటి వాయిదా అనుకోండి.

ఇప్పుడు ఆ "వేరే సంగతి". ప్రమోషన్ లేని రోజు మీ మెషీన్ నూటికి 99.64. నష్టమని మీకు తెలుసు, అయినా వెళ్ళారు. ఒక్కసారైతే సరదా అనుకునేదాన్ని. నెలలో రెండుసార్లు, అదీ భార్యకు చెప్పకుండా. కౌంటర్ ఇవతల కూర్చుని నేను చూసిన మంచి ఆటగాళ్ళు చాలామంది లెక్క తప్పడం వల్ల చెడిపోలేదు, లెక్క తెలిసీ వెళ్ళడం మొదలుపెట్టాక చెడిపోయారు. మూడోసారి కాళ్ళు అటు లాగితే కాసినో ఏటీఎం పక్కన హెల్ప్‌లైన్ నంబరు అంటించి ఉంటుంది, ఫోన్ చెయ్యండి. అది అంతా పోగొట్టుకున్నవాళ్ళ కోసమే కాదు, మీ స్థితిలో ఉన్నవాళ్ళ కోసం కూడా.

ఈ ఆదివారం పిల్లలు పడుకున్నాక మీ ఆవిడకు లెక్కలన్నీ చూపించండి. రాయల్స్ అయిదు అని, మిగిలింది 2,600 అని నాకు రాశారు. ఆ రెండు రోజుల్లో ఎంత పోయిందో మాత్రం రాయలేదు. ఆవిడకు మొదట ఆ అంకె చెప్పండి.